గ్లాసు చుట్టూ చిరునామా

మొన్న ఆదివారం రైలు పట్టాల అవతల ఒక గృహప్రవేశానికి వెళ్లాను. ఉప్పుగూడలో పట్టాలకు ఇవతల ఉండేవాళ్లం అవతలి వైపు వెళ్లడాన్ని పొరుగూరికి ప్రయాణంలా చెప్పుకుంటాం. పత్రికలో నాతోపాటు పనిచేసి నాకంటే ముందే రిటైరైన కంపోజింగ్ మిత్రుడి కూతురు కట్టుకున్న ఇల్లు అది. గోడల రంగు ఇంకా ఆరలేదు, హోమం పొగ ఇంకా పోలేదు. రెండూ కలిసి కళ్లు మండుతుంటే నన్ను వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. అల్లం, కరివేపాకు బాగానే దట్టించారు. సగం తాగాక వేలికి ఏదో గరుకుగా తగిలింది. స్టీలు మీద చెక్కిన అక్షరాలు. కళ్లజోడు సవరించుకుని చూశాను. అంచుకు కొంచెం కింద, చుక్కలు చుక్కలుగా ఇంగ్లీషు అక్షరాలు గ్లాసు చుట్టూ తిరిగి, మొదలైన చోటికి దాదాపు వచ్చి ఆగిపోయాయి. ఆ మిగిలిన ఖాళీలో చిన్న దీపం బొమ్మ ఉంది. మిగతా మజ్జిగ చాలాసేపు గ్లాసులోనే ఉండిపోయింది.

ఆ అక్షరాలు ఒక చర్చావేదిక చిరునామా. ఇంటర్నెట్‌లో నేను కొన్నేళ్లు నడిపిన వేదిక. నడిపానంటే పెద్దగా ఉంటుంది గానీ, దుకాణం తెరిచి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడిలా కనిపెట్టుకుని ఉన్నానంటే సరిగ్గా సరిపోతుంది. నా ఉద్యోగమంతా డెస్కులోనే గడిచింది. ఊరు లేచే వేళకు పడుకోవడం, ఊరు ఇళ్లకు చేరే వేళకు బస్సెక్కడం. డెస్కులో కూర్చోగానే మేం చేసే మొదటి పని, పేజీ మీద రేపటి తేదీ వేయడం. ఇవాళ జరిగినదంతా మాకు 'నిన్న' అయిపోయేది. అలా ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యాక తెలిసింది, మా గల్లీలో నన్ను గుర్తుపట్టే ప్రాణి పాలవాడు ఒక్కడేనని. అతనైనా నేను ఇంటికి తిరిగొచ్చే వేళకు ఎదురయ్యేవాడు కాబట్టి. మిగతావాళ్లకు నేను కిటికీ తలుపులు ఎప్పుడూ మూసి ఉండే ఇంటివాణ్ణి. ఊరితో మాట్లాడే పని మా ఇంట్లో నా భార్యది. కూరగాయల బండి దగ్గర, నల్లా దగ్గర, గుళ్లో ఆమె విన్నవే నాకు మా వాడ వార్తలు. నేను రిటైరయ్యే ముందు ఏడాది ఆమె పోయింది.

సంవత్సరీకం నాడు బంధువులకు పంచడానికి స్టీలు గ్లాసులు కొందామని బేగంబజార్ వెళ్లాను. గిన్నెల దుకాణాల ముందు మెట్ల మీద పేర్లు చెక్కేవాళ్లు కూర్చుంటారు. చేతిలో పెన్నులాంటి చిన్న మిషన్, దాని గుర్రు గుర్రుమనే మోత, పక్కన మనం కూర్చోవడానికి ఒక పీట. నా గ్లాసులు చెక్కిన ఆయన్ను అక్కడ అందరూ భాయ్ అనేవాళ్లు. నేనూ అలాగే అనేవాణ్ణి. నా భార్య సంవత్సరీకానికని చెబితే అతను తల ఎత్తకుండానే, "అమ్మ పేరేంది సార్?" అన్నాడు. చెప్పాను. ఏడాదిగా ఆ పేరు ఎవరూ నన్ను అడగలేదని అప్పుడే తట్టింది. అతను మిషన్ ఆపి, "ఫికర్ చేయకుండ్రి. మంచిగ రాస్త. మళ్లొక్కసారి చెప్పుండ్రి, పైలంగ," అన్నాడు. పేరు కింద 'జ్ఞాపకార్థం' అని, పక్కన నేను అడగకుండానే ఒక చిన్న దీపం చెక్కాడు. అలాంటి గ్లాసుల మీద అది రివాజట.

ఆ తర్వాత పనేమీ లేకపోయినా అప్పుడప్పుడు వెళ్లి ఆ పీట మీద కూర్చునేవాణ్ణి. గిన్నెల మీద పేర్లెందుకు చెక్కించుకుంటారో నాకు అక్కడే సరిగ్గా అర్థమైంది. అభిమానం కోసం కాదు, పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఇరుగుపొరుగు గిన్నెలు అడిగి తీసుకుపోతారు గనక. పేరుంటే గిన్నె దాని ఇంటికి అది చేరుతుంది. భాయ్ తన భార్య పేరు మీద చెక్కిన ఒక పళ్లెం మూడు వాడలు తిరిగి, సొట్టలు పడి, ఎవరిదో పెళ్లి మిఠాయితో సహా తిరిగొచ్చిన కథ ఎంతమంది గిరాకీలకు చెప్పేవాడో. మిఠాయి ఒక్కోసారి లడ్డూ, ఒక్కోసారి బాలూషాయి.

చర్చావేదిక ఆలోచన నాదే. మా గల్లీ మలుపులో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఆయన, ఒక సంస్థ ఉచితంగా ఇచ్చే చోట వేదిక తెరిచి ఇచ్చి, ఎలా నడపాలో నేర్పాడు. 'పాతబస్తీ ముచ్చట' అని పేరు పెట్టాను. పత్రికవాణ్ణి కాబట్టి పేజీలు విడగొట్టినట్టు శాఖలు విడగొట్టాను: నీళ్లు, రోడ్లు, బస్సులు, పాత కట్టడాలు, సాహిత్యం, చివరికి ఇతరాలు. నాకు 'నిర్వాహకుడు' అని పేరు పెట్టుకుని, మురికి కాలువల మీద ఒక సంపాదకీయం లాంటిది రాసి కూర్చున్నాను. ఎవరూ జవాబు రాయలేదు. సంపాదకీయాలకు ఎవరూ జవాబు రాయరన్న సంగతి పత్రికలో ఉన్నన్నాళ్లూ నాకు తట్టలేదు. ఇంటర్నెట్ సెంటర్ ఆయన మొహమాటానికి సభ్యుడిగా చేరి, 'బాగుంది సర్' అని రాశాడు. మరునాడు అదే మాట బస్సుల శాఖలోనూ రాశాడు. చేరిన వాళ్లమైతే మేమిద్దరమే.

ప్రచారం కావాలనుకుని కరపత్రాలు అచ్చు వేయించి పేపర్లలో పెట్టించాను. మరునాడు మిర్చిబజ్జీల బండి దగ్గర నా కరపత్రంలోనే నాకు బజ్జీలు కట్టిచ్చారు. ఆ సంగతి చెబితే భాయ్ కడుపు పట్టుకుని నవ్వాడు. "కాగితమంటే చింపుతరు సార్. స్టీలును ఎవలు చింపుతరు? పక్క దుకాణంల అంచు జర వంకరపోయిన గ్లాసులు ఒక మూట పడున్నయి. సేటు తీస్కపొమ్మంటుండు. గవాటి మీద మీ అడ్రస్ కొడ్త. ఇంటింటికి మీ పేరు పోతది. పొద్దున లేస్తె మీ మొకం చూసే నీళ్లు తాగుతరు," అన్నాడు. ఎవరికీ నష్టం లేని పనిలా తోచింది. ఉచితంగా వచ్చిన చోటు కాబట్టి చిరునామా చాలా పొడుగు. అది గ్లాసు చుట్టూ తిరిగితే తప్ప పట్టలేదు. వినాయక చవితికి ముందు ధూల్‌పేటలో విగ్రహాలు కొనుక్కుని ఆటోల్లో ఎక్కించుకునేవాళ్లకు కొన్ని, ఉప్పుగూడ స్టేషన్ దారిలో కొన్ని పంచాం. ఒక చేత్తో వినాయకుణ్ణి పట్టుకున్నవాళ్లు రెండో చేత్తో గ్లాసు అందుకుని, ఎందుకిస్తున్నారని కూడా అడగకుండా, తల కొంచెం వంచి, గంభీరంగా పోయేవాళ్లు. ఆ గాంభీర్యం ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

వారం తిరక్కుండా వేదికలో మనుషులు కనిపించారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మొదటి ఆయన రాసింది: 'గ్లాసు ముట్టింది. మీ ఇంట్ల ఎవలు పోయిండ్రు?' రెండో ఆయన: 'వారి ఆత్మకు శాంతి కలగాలె. గ్లాసు గట్టిగున్నది.' మూడో ఆయన నీళ్ల శాఖలోకి వెళ్లి, నల్లా నీళ్ల మీద నేను రాసిన వ్యాసం కింద, 'పెద్ద మనిషిని పోగొట్టుకున్నరు, ధైర్యంగ ఉండుండ్రి,' అన్నాడు. నేను గ్లాసు తీసి తిప్పి చూస్తే, చిరునామా చివర దీపం. పంచేవాణ్ణి నేనే కదా, అయినా అప్పటిదాకా అది నా కంటికి ఆనలేదు.

భాయ్ దగ్గరకు పరుగెత్తాను. అతనూ గ్లాసు తిప్పి చూసి నాలుక కరుచుకున్నాడు. "గ్లాసులు పంచుడంటే చేతికి గదొక్కటే తెల్సు సార్. దీపం దానంతటదే పడ్డది. మీరన్న సూడొద్దా? పేపర్ల తప్పులు పట్టినోళ్లు గద!" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ జనం ఆగలేదు. ఎవరు పోయారో నేను చెప్పకపోయేసరికి, ఎవరికి వారు తమవాళ్ల గురించి రాయడం మొదలుపెట్టారు. ఒక రిటైర్డ్ రైల్వే గార్డు వాళ్ల నాన్న చేసే మటన్ తలకాయ కూర గురించి రాశాడు. గాజుల వ్యాపారం చేసే ఒకాయన, అమ్మీ చేసే ఖట్టీదాల్ మళ్లీ ఏ ఇంట్లోనూ దొరకలేదన్నాడు. పోయినవాళ్ల ముచ్చట ఎందుకో ప్రతిసారీ వంట దగ్గరికే వచ్చి ఆగేది. నేను వాటన్నిటినీ తీసి 'ఇతరాలు'లో పడేశాను. కొద్దిరోజుల్లో ఇతరాలు తప్ప వేదికలో ఇంకేమీ మిగల్లేదు.

ఆ ఇతరాల్లోనే ఒక సాయంత్రం 'కొత్తకోడలు' అనే పేరుతో ఒకామె అడుగుపెట్టింది. పోయినవాళ్ల సంగతి ఎత్తలేదు. 'ఇయ్యాల ఏం కూర?' అని అడిగింది, అంతే. గార్డు సొరకాయ అన్నాడు. గాజులాయన ఖీమా అన్నాడు. ఇంకెవరో చింతచిగురు పప్పు అన్నారు. ఆమె చివర వచ్చి, 'మా దిక్కు గోకరకాయ,' అని గోరుచిక్కుడు సంగతి చెప్పి వెళ్లిపోయింది. మరునాడు సాయంత్రం మళ్లీ అదే ప్రశ్న. నేను రోడ్ల గురించి, మూసీ గురించి ఎంత ఘాటుగా రాసినా కదలని జనం ఈ ప్రశ్నకు పొలోమని వచ్చేవాళ్లు. ఒకరోజు ఆమే నన్ను పిలిచింది: 'నిర్వాహకుడు సారూ, అందరు చెప్తుండ్రు. మీరేం చెప్తలేరు. మీరు తినరా?'

అప్పటిదాకా నా భోజనం స్టేషన్ దగ్గరి హోటల్లో. హోటల్లో తిన్నానని రాయడానికి ఎందుకో చేయి రాలేదు. మరునాడు వంకాయలు కొన్నాను. మాడ్చాను. 'వంకాయ, కొంచెం మాడింది,' అని రాశాను. 'కొంచెమేనా?' అని ఆమె. వేదికంతా నవ్వారు, తెర మీద నవ్వడమంటే ఎలా ఉంటుందో అలా. అప్పటి నుంచి సాయంత్రం ప్రశ్న వస్తుందన్న ఒక్క కారణానికి నేను రోజూ ఏదో ఒకటి వండేవాణ్ణి. పోపులో ఆవాలు చిటపటలాడకముందే జీలకర్ర వేయకూడదని నాకు చెప్పింది ఆమే. మా ఇంటి కిటికీ తలుపులు పొగ పోవడానికి తెరుచుకున్నాయి. ఎదురింటావిడ ఒకరోజు, "ఏందన్నా, ఇంట్ల సుట్టాలొచ్చిండ్రా? వాసనొస్తుంది," అంది. ఆ మాటతో ఆ వారమంతా గడిచింది.

ఆ పేరెందుకు పెట్టుకున్నావని ఎవరో అడిగితే ఆమె రాసింది: 'లగ్గమై వచ్చిన్నాడు కొత్తకోడలన్నరు. మా అత్త బతికున్నన్ని రోజులు గదే పేరు. అత్త పోయేటాలకు నా నెత్తి తెల్లవడ్డది. అసలు పేరు పిలిస్తె ఎవలనో అనుకుంట.' అంతకు మించి ఎప్పుడూ చెప్పుకోలేదు. మరిది కొడుకు ఉద్యోగం దొరికి పోతూ వదిలేసిన కంప్యూటర్ ముందు కూర్చుని రాసేదని మాత్రం తెలుసు. ఒక సాయంత్రం, 'రైలు కూతేసింది, పొయ్యి మీద పాలు చూడాలె,' అని రాసింది. అదే కూత అప్పుడే నా చెవుల్లోనూ పడింది. అంటే ఎక్కడో దగ్గర్లోనే, పట్టాలకు ఇటో అటో ఉంది. ఆ తర్వాత కూరగాయల బండి దగ్గర గోకరకాయ బేరం చేసే ప్రతి తెల్లజుట్టావిడనూ ఒక క్షణం ఎక్కువసేపు చూసేవాణ్ణి.

ఫోన్లలో గ్రూపులు వచ్చాక వేదిక పలచబడింది. కోపతాపాలేమీ లేవు. పెళ్లి భోజనాలయ్యాక బంతి లేచిపోయినట్టు ఒక్కొక్కరే లేచారు. గార్డు వాళ్ల పాత డిపార్ట్‌మెంట్ గ్రూపులోకి, గాజులాయన వ్యాపారుల గ్రూపులోకి వెళ్లిపోయారు. ఇంటర్నెట్ సెంటర్ ఆయన షట్టర్ దించి టిఫిన్ల బండి పెట్టాడు. చివరికి మిగిలింది ఆమె, నేను. సాయంత్రం ఆమె అడిగేది. నేను చెప్పేవాణ్ణి. ఆమె తనది చెప్పేది. ఏళ్ల తరబడి. నా రోజులో అవతలి మనిషి నుంచి వచ్చే మాటలు ఆ రెండే. ఎక్కువ మాట్లాడదామని ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను. పండగల గురించి అడిగితే పండగ నాటి కూర చెప్పేది.

అప్పుడే మాకు చోటిచ్చిన సంస్థ నుంచి తాఖీదు వచ్చింది. నెలాఖరుకు అన్ని వేదికలూ మూసేస్తున్నామని. వేరే చోట కొత్త వేదిక తెరవడం పెద్ద పనేమీ కాదు, ఈసారి నేనే తెరిచాను. ఇక మిగిలింది ఆమెకు చెప్పడం. పై భాగంలో ఎర్ర అక్షరాలతో ప్రకటన పెట్టాను. ఆమె చూడలేదు. ఆమె ప్రశ్న కిందే కొత్త చిరునామా రాసి, ఇకముందు ఇక్కడికి రమ్మన్నాను. 'గదంత నాకు సమజ్ గాదు సారూ. నేను రోజు గ్లాసు తిప్పుకుంట, చూసుకుంట కొడ్త. గ్లాసు మీద ఉన్నదే నాకెర్క. ఏం కూర?' అంది.

అన్నేళ్లుగా ఆమె రోజూ సాయంత్రం గ్లాసు చేతిలో పట్టుకుని, ఒక్కో అక్షరం చూసి కొడుతూ, గ్లాసు ఒక చుట్టు తిరిగేసరికి మా దగ్గరకు వస్తోందని నాకు అప్పుడే తెలిసింది.

భాయ్‌తో చెబితే, "గంతేనా? ఇంకో గ్లాసు కొడ్త," అన్నాడు. అప్పటికి చూపు తగ్గి పని తగ్గించుకున్నాడు, అయినా కూర్చుని కొత్త చిరునామా చెక్కాడు. "ఈసారి దీపం లేదు, చూస్కోండ్రి," అని గ్లాసు నా ముక్కు దగ్గర తిప్పి చూపించాడు. ఆమెకు రాశాను: కొత్త గ్లాసు తయారైంది, ఇల్లు ఎక్కడో చెబితే తెచ్చి ఇస్తాను, లేదా ఫోన్ నంబరు ఇవ్వండి, నేనే అన్నీ చెబుతాను. ఆ రోజు జవాబు రాలేదు. మరునాడు మామూలు ప్రశ్నకు బదులు ఇది వచ్చింది:

'నంబరిస్తె మీరు ఫోన్ చేస్తరు. ఫోన్ చేస్తె నా గొంతు మీకు వినవడ్తది. గొంతు వింటె ఇంట్ల ఇంకెవ్వలు లేరని ఎర్కైతది. గిట్లైతె ఇంటినిండ మంది ఉన్నోళ్ల లెక్క అడుగుత. గిట్లనే మంచిగున్నది సారూ. ఏమనుకోకుండ్రి.'

ఏమనుకోలేదని రాశాను. నా ఇంట్లో కూడా ఇంకెవరూ లేరని ఆమెకు తెలిసే ఉంటుంది. రెండు మూడు వంకాయలతో కూర వండేవాడి సంగతి వంట తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

చివరి రోజు సాయంత్రం ప్రశ్న వచ్చింది. ఆ రోజు ఏదైనా మంచిది వండాలని బగారా బైంగన్ చేశాను. నువ్వులు, పల్లీలు, కొబ్బరి వేయించి నూరి, ఆమె నేర్పినట్టే. బాగా వచ్చింది. రాశాను. 'మరి మీది?' అని అడిగాను. ఎప్పుడూ నేను అడగాల్సిన పనే ఉండేది కాదు. కొంచెం ఆగి జవాబు వచ్చింది.

'నాది రేపు చెప్త.'

మరునాడు ఆ చిరునామాలో తెల్లటి పేజీ తప్ప ఏమీ లేదు.

కొత్త వేదిక ఇప్పటికీ ఉంది. సభ్యుణ్ణి నేనొక్కణ్ణే. శాఖలూ గట్రా ఏమీ పెట్టలేదు. రోజూ సాయంత్రం ఆ రోజు కూర రాస్తాను. కొత్త గ్లాసు మా వంటింట్లో ఉండేది. నేనే అందులో నీళ్లు తాగేవాణ్ణి.

ఇదంతా ఆదివారం నాడు వరండాలో మజ్జిగ పట్టుకుని కూర్చున్న నాకు ఒక్కసారిగా వచ్చిపడింది. ఇంటి ఇల్లాలు, అంటే మిత్రుడి కూతురు, ఖాళీ గ్లాసుల కోసం వచ్చింది. ఈ గ్లాసు ఎక్కడిదమ్మా అని అడిగాను.

"మాది గాదు బాబాయ్. గ్లాసులు సాలకపోతె పక్క గల్లీల ఇండ్లల్లకెళ్లి మావోళ్లు తెచ్చిండ్రు. ఎవలివి వాళ్లకు పంపాలె. దీనిమీద పేరే లేదు. దీపమున్నది గద, ఎవలో పోయినోళ్ల మీద పంచినట్టున్నరు. మీరు పేపర్ల చేసినోళ్లు, జర చదువుండ్రి, ఎవల పేరో."

"పేరు కాదమ్మా, అడ్రస్," అన్నాను.

"అయితె ఇంకా మంచిదాయె! యాడిది? గాడికే పంపిస్తం."

ఇంటింటికీ తిరిగి ఈ గ్లాసు మీదేనా అని అడగడం ఒక గంట పని. పక్క గల్లీ అక్కడి నుంచే కనిపిస్తోంది, ఆరేసిన చీరలు, గోడల మీద తులసి కుండీలు. ధూల్‌పేట నుంచి స్టేషన్ దాకా అంతమందికి పంచిన గ్లాసు, ఎవరిదైనా కావచ్చు. ఆమెదే అయితే, తలుపు తట్టగానే ఆమె గొంతు వినాల్సి వస్తుంది. అది నాకు వినిపించకూడదనే కదా ఆమె కోరుకుంది.

లేచి, పట్టాలు దాటి, మా ఇంటికి వెళ్లి, కొత్త గ్లాసు కడిగి తుడిచి తెచ్చాను. ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. "ఈ రెండు ఒక్క ఇంటియే. ఎవలన్న వచ్చి దీపం గ్లాసు అడిగితె, రెండు కలిపి ఇయ్యమ్మా. ఎవలు తీస్కపోయిండ్రో నాకు చెప్పొద్దు," అన్నాను. ఆమె నా వంక వింతగా చూసి, సరేనంది. కడిగిన పాత గ్లాసులో కొత్త గ్లాసు దూర్చి తలుపు పక్క అరుగు మీద పెట్టింది.

ఆ సాయంత్రం వేదికలో 'పాలకూర పప్పు' అని రాశాను. ఇప్పుడు నీళ్లు తాగడానికి నాకు మిగిలింది నా భార్య పేరున్న గ్లాసు. రైలు కూత వేసి పోయింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రేపటి తేదీ నా చేతుల మీదుగానే అచ్చయ్యేది, ఏనాడూ దాని కోసం ఎదురుచూడాల్సిన పని పడలేదు. 'నాది రేపు చెప్త' అని ఒకామె అన్నప్పటి నుంచి మాత్రం, అందరిలాగే నేను కూడా తెల్లవారడం కోసం కాచుకుని ఉంటున్నాను.